నల్లరేగడి శనగకు ఉన్న కొద్ది నీటిని ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న (దెగ్లూర్ తాలూకా, నాందేడ్ జిల్లా)
అందరికీ నమస్కారం. నాకు 4 ఎకరాల నల్లరేగడి ఉంది. సోయా కోయగానే శనగ వేస్తాను. జనవరి వచ్చేసరికి మా బావి అడుగంటుతుంది. పోయిన యేడు 40వ రోజున ఆకులు వాడినట్టు కనిపించగా, కంగారుపడి పొలమంతా బావి నీరు కాలువల్లో పారించాను. చేను ఏపుగా పెరిగింది గాని పూత ఆలస్యమై, కాయ దశలో మొక్కలు గుంపులు గుంపులుగా ఎండిపోయాయి. దుకాణంలో అడిగితే ఇంకో మందు కొట్టమంటారే తప్ప కారణం చెప్పరు. ఈసారి నీటిని ఏ దశలో, ఏ పద్ధతిలో ఇవ్వమంటారు?

సమాధానం (బిలోలి)
మొక్కలు తెగులుతో ఎండాయా, తేమ చాలకనా అన్నది ముందుగా తేలాలి. ఎండిన మొక్క కాండాన్ని నిలువునా చీల్చినప్పుడు లోపల నల్లటి చార కనిపిస్తే అది ఎండు తెగులు. ఆ శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది కనుక, ఆ పొలంలో కొన్నేళ్లు జొన్న వేసి, తరువాత జె.జి. 11 వంటి తట్టుకునే రకం వేయడమే దారి. అలా కాక, పెరికేటప్పుడు తల్లివేరు పుల్లలా పుటుక్కున విరిగి భూమిలోనే ఉండిపోతే అది ఎండు వేరుకుళ్లు. పూత, కాయ దశల్లో ఎండ ముదిరి నేల ఆరినప్పుడు ఇది విజృంభిస్తుంది. ఏది ఏమైనా విత్తనానికి మొదట ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం), చివరగా రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా) పట్టించి నీడన ఆరబెట్టండి.

సమాధానం (కిన్వట్)
పై మిత్రులు చెప్పిన రెండవ లక్షణమే అయితే, నా దృష్టిలో అసలు తప్పు ఆ 40వ రోజు తడిలోనే ఉంది. అవసరానికి మించి తాగిన శనగ కొమ్మలు, ఆకులు పెంచుకుని, ఆ ఆకులతోనే లోతు తేమను కూడా తోడేస్తుంది. గింజ కట్టే వేళకు నేలలోనూ నీరుండదు, బావిలోనూ ఉండదు. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకునే చేనును చూసి మోటారు వేయకండి. గడ్డపారతో జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి నిలిస్తే తడి అక్కరలేదు. నీరు సరిపోతే పూతకు ముందు 30–35 రోజులకు ఒకటి, గింజ కట్టేటప్పుడు 55–60 రోజులకు మరొకటి స్ప్రింక్లర్లతో తేలికగా ఇవ్వాలి. నిండు పూతలో ఇవ్వరాదు. ఒక్క తడికే నీరుంటే నేనైతే రెండవదానికే దాచుకుంటాను. నెర్రెలు విచ్చక ముందే డౌర (ఎడ్లతో లాగే గుంటక) కొట్టి పైమట్టిని పొడిగా ఉంచితే కింది తేమ నిలుస్తుంది. నెర్రెలు పడ్డాక పారించిన నీరు వాటిలోకే దిగిపోతుంది.

సమాధానం (రాజురా, చంద్రపూర్ జిల్లా)
ఖరీఫ్ సంగతి కూడా చూసుకోండి. పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వారు నల్లరేగడుల కోసం రూపొందించిన ఎత్తు మడులు, కాలువల పద్ధతిలో (మనవారు బీబీఎఫ్ అంటారు) కాలువకూ కాలువకూ మధ్య దూరం 150 సెంటీమీటర్లు. ముసురు పట్టినప్పుడు మిగులు నీరు కాలువ వెంట వెళ్లిపోతుంది, వాన తగ్గాక మడిలో తేమ ఎక్కువ రోజులు ఉంటుంది. సోయాలో కంది కలిపి వేసేవారికి మరీ మేలు, ఎందుకంటే నిలిచిన నీటిని కంది వేరు అసలు ఓర్వలేదు. ఆ కాలువల నీటిని శేత్‌తళేకు (పొలంలోని నీటి కుంటకు) మళ్లిస్తే శనగకు ఒక తడి దొరకవచ్చు.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలు. పోయిన యేడు పెరికిన మొక్కల తల్లివేళ్లు భూమిలోనే ఉండిపోయిన మాట నిజమే; చేతికి పిల్లవేరు కూడా రాలేదు. స్ప్రింక్లర్ పైపులు మా బావమరిది దగ్గర ఉన్నాయి, అద్దె లేకుండా ఇస్తాడో లేదో అడగాలి. ఈసారి 2 ఎకరాలకే శనగ వేసి, తక్కిన 2 ఎకరాలూ జొన్నకు వదులుతున్నాను.