అప్‌డేట్: చిట్టెలుక పిండం మెదడులో పాక్స్6 రంగు లోపలి అంచునే పడటం గురించి

14వ రోజు చిట్టెలుక పిండాల మెదడు సెక్షన్లలో (పలుచని కోతల్లో) పాక్స్6 అనే, మెదడు ఎదుగుదలను నడిపే ప్రొటీన్‌ను యాంటీబాడీతో చూపే రంగు, మెదడు గదిని (లోపల ద్రవం ఉండే ఖాళీని) ఆనుకొని సన్నని పట్టీలా మాత్రమే పడుతోందని, అదీ ముందువైపు ముదురుగా, వెనుకవైపు వెలిసినట్టు ఉంటోందని చెప్పి, ఇది రంగు వేయడంలో లోపమా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పక్క సెక్షన్లకు టీబీఆర్2 (న్యూరాన్లుగా మారే దారిలో ఉన్న మధ్యదశ కణాల గుర్తు), టీబీఆర్1 (కొత్త న్యూరాన్ల గుర్తు) యాంటీబాడీలు వేసి చూడమన్న సూచనతో విషయం తేలింది. పాక్స్6 పట్టీకి పైన టీబీఆర్2, ఇంకా పైన, కొత్త న్యూరాన్లు చేరే కార్టికల్ ప్లేట్‌లో టీబీఆర్1 కనిపించాయి. పాక్స్6 ప్రధానంగా విభజన చెందే రేడియల్ గ్లియా కణాలలో (న్యూరాన్లను పుట్టించే మూలకణాలలో) పనిచేసి, అవి న్యూరాన్లుగా మారే క్రమంలో తగ్గిపోతుంది కనుక పైపొర ఖాళీగా ఉండటం సహజమే.

ముందువెనుకల తేడా కూడా లోపం కాదని మా గైడ్ గారు స్లైడ్లు చూసి చెప్పారు. పాక్స్6 ముందు, పక్క వైపుల ఎక్కువగా ఉంటే, ఈఎంఎక్స్2 అనే ఇలాంటిదే మరో ప్రొటీన్ అందుకు ఎదురుగా వెనుక, మధ్య వైపుల ఎక్కువగా ఉంటుంది. ఈఎంఎక్స్2 లేని ఎలుకల్లో వెనుకనుండే దృష్టి ప్రాంతం కుదించుకుపోయి, ముందరి ప్రాంతాలు విస్తరిస్తాయి. నాకైతే అన్నిటికంటే ఈ సంగతే ఆసక్తికరంగా అనిపించింది.

విశాఖ సముద్రపు తేమకు (ఇక్కడ ప్రతి నేరమూ దాని మీదికే పోతుంది) దీనితో సంబంధం లేదు. సెక్షన్ మందం మార్చినా ఫలితం మారలేదు. ఇదే సందేహం ఉన్నవారు యాంటీబాడీ మార్చే ముందు, పిండం తల మొత్తం కోసి ఉంటే, కంటి రెటీనాలో రంగు పడిందో లేదో చూడండి; అక్కడా పాక్స్6 ఉంటుంది కనుక, రంగు పడితే యాంటీబాడీ పనిచేస్తున్నట్టే.