టెక్సాస్ ఎడారిలోని మార్ఫా: మిత్రులతో విశ్రాంతిగా గడపడానికి తగిన ఊరేనా?

ప్రశ్న (ప్లేనో వాసి):
కాకినాడలో కలిసి ఇంజనీరింగ్ చదువుకున్న అయిదుగురం పన్నెండేళ్ల తరువాత ఈ నవంబరులో ఒకచోట కలుసుకోవాలనుకుంటున్నాము. ఇద్దరం డాలస్ వైపు నుండి కారులో బయలుదేరుతాము, మిగిలిన ముగ్గురు ఎల్ పాసో దాకా విమానంలో వస్తారు. మాలో కళల మీద ఆసక్తి ఉన్న ఒకే ఒక్క మిత్రుడు మార్ఫాకే వెళదామని పట్టుబడుతున్నాడు. రెండు వేల జనాభా కూడా లేని ఊరికి ఎనిమిది గంటలు ప్రయాణం చేసి, కళాఖండాలని చెప్పే అల్యూమినియం పెట్టెలు చూసి రావడమేమిటని తక్కినవారి సందేహం. హడావిడి లేకుండా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలన్నదే మా అసలు కోరిక. ఇద్దరు శాకాహారులు కూడా ఉన్నారు. వెళ్లివచ్చినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ఆస్టిన్ వాసి):
ఆ పెట్టెల విషయంలో మేమూ మొదట మీ మిత్రులలాగే అనుకున్నాము. గ్యాలరీలలో కొన్ని వారాలు పెట్టి తీసివేసే ప్రదర్శనలతో విసిగిన డొనాల్డ్ జడ్ అనే శిల్పి, 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ నుండి ఈ ఊరికి వచ్చి, కళాఖండం ఒకసారి పెట్టిన చోట శాశ్వతంగా ఉండాలన్న పట్టుదలతో పాత సైనిక స్థావరాన్ని అందుకు అనువుగా మార్చాడు. అదే 1986లో ప్రారంభమైన చినాటి ఫౌండేషన్ అనే కళా మ్యూజియం. ఒకప్పుడు ఫిరంగులు ఉంచిన రెండు షెడ్లలో జడ్ రూపొందించిన 100 అల్యూమినియం పెట్టెలు వరుసలు తీరి ఉంటాయి. వెలుపలి కొలతలు అన్నిటికీ ఒక్కటే, 41, 51, 72 అంగుళాలు. లోపలి అమరిక మాత్రం ఏ రెండింటికీ ఒకేలా ఉండదు.

గుమ్మంలో అడుగుపెట్టగానే మాలో ఒకరు "ఇదేదో బీరువాలు చేసే షెడ్డులా ఉందే" అని నవ్వారు. పెద్ద కిటికీల నుండి ఎండ వాలేకొద్దీ ఒక పెట్టె బయటి పసుపుపచ్చ గడ్డిని అద్దుకుని గాజులా కనిపించింది. పక్కనున్నదానిలో ఏది రేకో, ఏది నీడో వేలు పెట్టి చూపలేకపోయాము. ఆ నవ్వినాయనే ఒక పెట్టె ముందు గొంతుక్కూర్చుని అరగంట సేపు లేవలేదు. అందువల్ల ఒక పూట మొత్తం దీనికే కేటాయించండి. బయట గడ్డిమైదానంలో కిలోమీటరు పొడవునా ఉన్న 15 కాంక్రీటు శిల్పాల వెంట నడక మరుసటి ఉదయానికి ఉంచుకోండి. మాట్లాడుకుంటూ నడవడానికి అంతకన్నా మంచి దారి నేను చూడలేదు.

జవాబు 2 (మిడ్‌లాండ్ వాసి):
భోజనం సంగతి నేను చెబుతాను. సోమ, మంగళవారాలలో ఆ ఊరు చాలావరకు మూసే ఉంటుంది. తెలియక మేము ఒక మంగళవారం రాత్రి తొమ్మిదికి చేరుకుని, చీకటి వీధులన్నీ తిరిగి, చివరకు బస చేసిన గది మెట్ల మీద కూర్చుని, కూలరులో మిగిలిన పులిహోర, పెరుగన్నం మాగాయ నంజుకుని తిన్నాము. గురువారం నుండి ఆదివారం వరకు పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఎల్ పాసో నుండి వచ్చేవారికి రెండు విషయాలు. సియెరా బ్లాంకా దగ్గర సరిహద్దు గస్తీవారి తనిఖీ కేంద్రం ఉంది కనుక వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి ప్రవేశించినట్టు తెలిపే పత్రం) తప్పక దగ్గర ఉంచుకోవాలి. మార్ఫా గడియారం ఎల్ పాసో కంటే ఒక గంట ముందుంటుంది. చినాటి టూరు బుక్ చేసుకునేటప్పుడు ఇది మరిచిపోతే డబ్బు పోయినట్లే. వాన్ హార్న్ దాటాక, వాలెంటైన్ సమీపంలో, 2005లో ఎల్మ్‌గ్రీన్, డ్రాగ్‌సెట్ అనే కళాకారులు ప్రాడా అనే ఖరీదైన బ్రాండు దుకాణంలా కట్టిన 'ప్రాడా మార్ఫా' అనే కళాకృతి రోడ్డు పక్కనే కనిపిస్తుంది. లోపల చెప్పులు, సంచులు ఉంటాయి, తలుపు మాత్రం తెరుచుకోదు. పది నిమిషాలు చాలు.

జవాబు 3 (హ్యూస్టన్ వాసి):
పై మిత్రులంత మురిపెం నాకు లేదు. బస ఖరీదు ఆ ఊరి స్థాయికి మించినదనే నా అభిప్రాయం. చినాటిలోనే ఆరు పాత సైనిక బ్యారక్‌లలో డాన్ ఫ్లావిన్ అనే కళాకారుడు రూపకల్పన చేసిన రంగుల ట్యూబ్‌లైట్లు మాత్రం మనసుకు పట్టాయి. ఊరికి తూర్పున తొమ్మిది మైళ్ల దూరంలో 'మార్ఫా దీపాలు' అనే అంతుపట్టని వెలుగులు చూడటానికి జనం రాత్రుళ్లు కాచుకుని కూర్చుంటారు. అవి చాలావరకు 67వ నంబరు రహదారి మీది కారు దీపాలేనని 2004లో డాలస్ విద్యార్థులు పరిశీలించి తేల్చారు. వాటికి బదులు ఫోర్ట్ డేవిస్ దగ్గరి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో నక్షత్రాలు చూపించే కార్యక్రమానికి వెళ్లండి. ఎత్తైన ఎడారి కావడంతో నవంబరు రాత్రులు వణికిస్తాయి, ఉన్ని దుస్తులు ఉండాలి. ఇంత దూరం వచ్చాము కదా అని బిగ్ బెండ్ జాతీయ ఉద్యానవనాన్ని కూడా ఈ మూడు రోజుల్లో ఇరికించారంటే మీ కబుర్లన్నీ కారులోనే అయిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. గురువారం చేరుకునేలా మార్చుకున్నాము, బిగ్ బెండ్ మానుకున్నాము. పెట్టెల గురించి అందరికన్నా ఎక్కువగా వేళాకోళం చేసిన మిత్రుడే ఈ జవాబులు చదివి షెడ్ల టిక్కెట్లు తీశాడు. పులిహోర మాత్రం నా వంతు వచ్చింది.