టీడీఎస్ 410 వచ్చింది, అయినా పిల్లలకు వాంతులు. నీళ్లేనా కారణం?

చివరివీధి_అమ్మ:
మాది చంద్రగిరి దగ్గర చిన్న కాలనీ. 60 ఇళ్లకు ఒకే బోరు, 20 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, అసోసియేషన్ వాళ్లే నడుపుతారు. పోయిన వారం వానలు పడినాక మా వీధిలో నాలుగిళ్లల్లో పిల్లలకు వాంతులు, బేదులు. పొద్దున కొళాయి తిప్పితే మొదటి రెండు బిందెలు మసకగా, అదో రకం వాసనతో వస్తున్నాయి. మా అసోసియేషన్ సెక్రటరీ గారేమో టీడీఎస్ మీటరు ముంచి "410, అంటే 500 లోపే, భేషుగ్గా తాగొచ్చు, మీకెందుకమ్మా టెన్షన్" అని తేల్చేశారు. నిజమేనా?

పుత్తూరు_ల్యాబ్:
అక్కా, ఆ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పుల సంగతే చెబుతుంది. బిందెడు నీళ్లలో రెండు చుక్కల మురుగు కలిపి ముంచి చూసినా అంకె కదలదు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500లో 500 అనేది ఉప్పులకు పెట్టిన హద్దు, లీటరుకు మిల్లీగ్రాముల్లో, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. క్రిముల లెక్క వేరే, 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి, అంటే మలం నుంచి వచ్చే క్రిమి, ఒక్కటి కూడా ఉండకూడదు. హెచ్‌2ఎస్ సీసా అని దొరుకుతుంది, అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిందా, మలం కలిసిందని అనుమానించాల్సిందే. ట్యాంకు దగ్గర కాదు, మీ ఇంటి కొళాయి దగ్గరే పట్టండి. అంతవరకూ బాగా తెర్లించి తాగండి, పిల్లల్ని డాక్టరుకు చూపించి ఓఆర్‌ఎస్ పట్టించండి.

పైపులపని:
మొదటి రెండు బిందెలే చెడిపోయినాయంటే తప్పు బోరులో కాదు, లైన్లో. నీళ్లు ఆపినాక పైపు ఖాళీ అయి లోపలికి గుంజుతుంది, జాయింటు ఎక్కడైనా కారుతుంటే పక్కనున్న కాలువ నీళ్లు అందులోకే పోతాయి. కొందరు లైనుకే మోటరు తగిలించి లాగుతారు చూడండి, వాళ్లతో ఇంకా తంటా. మీ వీధి కాలువలో పైపు మునిగి ఉందేమో చూసిరండి.

బ్లీచింగ్_మామ:
పైపు సరిచేసేదాకా క్లోరిన్ ఆపొద్దు. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ లెక్కన మీ ట్యాంకుకు 160 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగినాక పైతేట మాత్రమే పోయండి, అరగంట ఆగి వదలండి. మూతి విప్పి ఏడాదిగా మూల పడున్న సంచి అయితే బలం ఉండదు, పోసినా పోయనట్టే. చివరి ఇంట్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి, పంచాయతీలో దాన్ని కొలిచే క్లోరోస్కోపు ఉంటే అడిగి చూడండి.

క్యాన్_బెటర్:
ఇంత గొడవెందుకు, క్యాన్ నీళ్లు తెప్పించుకుంటే పోలా?

చివరివీధి_అమ్మ:
పళ్లు తోమేది, బియ్యం కడిగేది కూడా క్యాన్ నీళ్లతోనేనా అన్నా? ఇప్పుడే చూసొచ్చా, మూల మలుపులో పైపు కాలువలోనే ఉంది, జాయింటుకు సైకిల్ ట్యూబు చుట్టారు. ఫొటో చూపిస్తే సెక్రటరీ గారు మీటరు జేబులో పెట్టుకుని ప్లంబరుకు ఫోన్ చేశారు. రేపు తవ్వుతారంట. 160 గ్రాములు అంగడి త్రాసులో తూకం వేయించుకొస్తా.