ముందు సస్పెన్షన్ అంతా మార్చాలని డీలర్ వర్క్‌షాప్ చెబుతోంది, నిజంగా అవసరమా?

కూర్మన్నపాలెం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది 2018లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 64,000 కిలోమీటర్లు తిరిగింది. విశాఖపట్నంలో కూర్మన్నపాలెం నుంచి గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా సిరిపురంలోని ఆఫీసుకు రోజూ దానిలోనే వెళ్లి వస్తాను. రెండు నెలలుగా గతుకుల్లోనూ స్పీడ్ బ్రేకర్ల మీదా నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. వేగం పెరిగితే ఆ చప్పుడు వినిపించదు. స్టీరింగ్ ఏ పక్కకూ లాగడం లేదు, టైర్లు కూడా సమానంగానే అరిగాయి.

గత శనివారం మామూలు సర్వీసుకు ఇచ్చినప్పుడు ఈ చప్పుడు సంగతి జాబ్ కార్డులో రాయించాను. మధ్యాహ్నం సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, ముందు స్ట్రట్‌లు (స్ప్రింగుతో కలిసి ఉండే షాకబ్జార్బర్లు) రెండూ, వాటిని పైన బాడీకి పట్టి ఉంచే మౌంట్‌లు, చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లు రెండూ, లింక్ రాడ్‌లు రెండూ, వెనక షాకబ్జార్బర్లు రెండూ మార్చాలని చెప్పారు. స్ట్రట్‌లకు 11,400, మౌంట్‌లకు 2,800, లోయర్ ఆర్మ్‌లకు 9,200, లింక్ రాడ్‌లకు 2,400, వెనక షాకబ్జార్బర్లకు 6,400, లేబరుకు 7,800, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌లకు 1,800, అంతా కలిపి 41,800 రూపాయలని ఎస్టిమేట్ పంపారు. ఆలోచించుకుంటానని చెబితే, ఈ స్థితిలో బండి నడపడం ప్రమాదకరమని అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను నిద్ర పోనివ్వడం లేదు. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని అరకు వెళ్లాలని అనుకున్నాం. ఘాట్ రోడ్డులో వెనక సీట్లో వాళ్లు కూర్చుని ఉండగా ఏదైనా జరిగితే నన్ను నేను క్షమించుకోలేను. అలాగని ఒక్క చప్పుడు కోసం నెల జీతంలో పెద్ద భాగం పోయాలంటే మనసు ఒప్పడం లేదు. ఇందులో ఏది తప్పనిసరి, ఏది ఆగగలదు, అది తేల్చుకునే దారి ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఆటోనగర్ పాత మెకానిక్

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఈ పనే చేసి, ఈ మధ్యనే మానుకున్నాను. బండిని కళ్లతో చూడకుండా తీర్పు చెప్పకూడదు కాబట్టి, ఎలా చూడాలో చెబుతాను.

మీరు వర్ణించిన చప్పుడును బట్టి ముందుగా అనుమానించవలసింది లింక్ రాడ్‌ను. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే ఈ సన్నని కడ్డీకి రెండు చివరలా చిన్న బాల్ జాయింట్లు, అంటే అన్ని వైపులా తిరిగే గుండ్రని కీళ్లు ఉంటాయి. అవి అరిగితే, ఒక చక్రం ఎక్కి రెండోది ఎక్కని చిన్న గతుకులో, తక్కువ వేగంలో, సరిగ్గా మీరు చెప్పినట్లే టక్ టక్‌మంటాయి. వేగంలో రోడ్డు చప్పుడు దాన్ని కప్పేస్తుంది. మీ ఎస్టిమేట్‌లోని విడిభాగాలలో జతకు అన్నిటికన్నా తక్కువ ఖరీదైనవి అవే. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా లింక్ రాడ్‌ను చేత్తో గట్టిగా పట్టుకుని ఊపితే ప్లే (వదులు) ఉందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

లోయర్ ఆర్మ్ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. దానికి లోహానికి అతికిన రెండు రబ్బరు బుష్‌లు, ఒక బాల్ జాయింట్ ఉంటాయి. ఏడేళ్లు దాటిన బండిలో బుష్ పైపొర మీద సన్నని పగుళ్లు కనిపించడం సహజం, అంతమాత్రాన అది పోయినట్లు కాదు. ప్రై బార్ (మీటలా వాడే ఇనుప కడ్డీ) పెట్టి తోసినప్పుడు రబ్బరు లోహం నుంచి విడిపోయి కనిపిస్తేనే మార్చాలి. బాల్ జాయింట్ మాత్రం వేరే లెక్క. చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపుతూ ఉండగా ఇంకొకరు ఆ జాయింట్ వైపు చూడాలి. కదలిక అక్కడ కనిపిస్తే బండి అక్కడి నుంచి కదలకూడదు, ఎందుకంటే అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. జాయింట్ కదలకుండా చక్రం మాత్రం ఊగుతుంటే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. చేతులు కుడి, ఎడమ పక్కల వేసి ఊపినప్పుడు ప్లే వస్తే అది స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌ది గాని, దాని లోపలి జాయింట్‌ది గాని అవుతుంది. మీకు చెప్పిన “ప్రమాదకరం” అనే మాట ఈ జాయింట్ల విషయంలోనే నిజం. కాబట్టి ఏ జాయింట్‌లో ప్లే చూశారో అడగండి. జవాబుకు తడబడితే ఆ మాట భయపెట్టడానికి అన్నదే అనుకోండి.

స్ట్రట్ మీద సన్నగా నూనె తేమ, దానికి అంటుకున్న దుమ్ము ఉంటే లీకు అనరు, రాడ్ సీలు దగ్గర కాస్త చెమర్చడం మామూలే. నూనె ధారగా జారి స్ట్రట్ ఒళ్లంతా తడిసి ఉంటే అది లీకు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలినప్పుడు బండి ఒకసారి లేచి నిలబడిపోవాలి, ఊగుతూ ఉంటే స్ట్రట్ పోయినట్లే. అయితే సగం బలహీనపడిన స్ట్రట్ ఈ పరీక్షలో దొరకదని కూడా చెప్పాలి. టైరు ట్రెడ్ మీద అరచేయి పెట్టి నిమిరితే ఎత్తుపల్లాలు తగులుతాయేమో చూడండి. మీ టైర్లు సమానంగా అరిగాయంటున్నారు కాబట్టి స్ట్రట్‌ల మీద నాకు పెద్దగా అనుమానం లేదు. మౌంట్ పాడైతే బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పినప్పుడే స్ప్రింగ్ ఉలిక్కిపడినట్లు చప్పుడు చేస్తుంది. అటువంటిది మీరు రాయలేదు.

బండిని ర్యాంప్ ఎక్కించి, మీరు పక్కన నిలబడి, ఒక్కొక్క భాగం లోపాన్ని చూపించమనండి. పాత భాగాలు తిరిగి ఇవ్వాలని జాబ్ కార్డులో ముందే రాయించండి.

మర్రిపాలెం సర్వీస్ అడ్వైజర్

నేను వేరొక కంపెనీ వర్క్‌షాప్‌లో అడ్వైజర్‌గా పని చేస్తున్నాను. పెద్దాయన చెప్పినదంతా సరైనదే, అయితే మా వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి. స్ట్రట్ దించాల్సి వచ్చినప్పుడు మౌంట్‌నూ మార్చమనడం మోసం కాదు, ఎందుకంటే ఆరు నెలల తర్వాత మౌంట్ పోతే అదే లేబరు మళ్లీ కట్టాలి. స్ట్రట్‌లను జతగా మార్చమనడంలోనూ అర్థం ఉంది. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి రెండు పక్కలా ఒకేలా కుదురుకోదు. కానీ స్ట్రట్ నిజంగా పోయినప్పుడే ఈ రెండు వాదనలూ నిలుస్తాయి.

వెనక షాకబ్జార్బర్లను ఈ ఎస్టిమేట్‌లో ఎందుకు చేర్చారో నాకు అర్థం కాలేదు. ముందు ఎడమ నుంచి వచ్చే చప్పుడుకూ వాటికీ సంబంధం లేదు. లీకు ఉంటే ఫోటో పంపి ఉండాల్సింది. కిలోమీటర్లను బట్టి జాబితా తయారు చేసే అలవాటు మా వృత్తిలో ఉంది, అమ్మకాల లక్ష్యాలూ ఉన్నాయి, దాచడం న్యాయం కాదు. ఇంకొక సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఎస్టిమేట్‌లో పన్ను ఎంత వేశారో ఒకసారి సరిచూసుకోండి.

భీమిలి రోడ్డు

అందరూ ఖర్చు తగ్గించుకునే వైపే చూస్తున్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. మా ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంటుంది, బండి తొమ్మిదేళ్లుగా ఉప్పు గాలిలోనే నిలబడుతోంది. ముందు స్ప్రింగ్ అడుగు చుట్టు తుప్పు పట్టిందని వర్క్‌షాప్‌లో రెండుసార్లు చెప్పినా, డబ్బుల కోసమే అంటున్నారని పట్టించుకోలేదు. ఒకరోజు హనుమంతవాక దగ్గర గుంతలో దిగగానే ఆ చుట్టు విరిగి, మొన టైరుకు గుచ్చుకుంది. వేగం తక్కువగా ఉండబట్టి బతికిపోయాం. కాబట్టి ర్యాంప్ మీద చూసేటప్పుడు స్ప్రింగ్ కింది చుట్టు, అది కూర్చునే గిన్నె కూడా టార్చి వేసి చూడండి. ఈ ఊళ్లో ఆ చోటును వదిలేయకూడదు.

కూర్మన్నపాలెం వాసి

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న అదే వర్క్‌షాప్‌కు వెళ్లి, ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టుకుని, ప్రతి భాగాన్నీ చూపించమని అడిగాను. అడ్వైజర్ కొంత ఇబ్బందిపడ్డారు గాని, వారి సీనియర్ టెక్నీషియన్ ఏ విసుగూ లేకుండా అరగంట సేపు ర్యాంప్ కింద నాతో నిలబడ్డారు.

ఎడమ లింక్ రాడ్ చేత్తో పట్టుకోగానే టక్‌మంది, కుడిదానిలో కూడా కొద్దిగా ప్లే ఉంది. ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ ప్రై బార్ పెట్టగానే నోరు తెరిచినట్లు విడిపోయింది. కుడిదానిలో పైపగుళ్లే ఉన్నాయి. బాల్ జాయింట్లు రెండూ గట్టిగా ఉన్నాయి. స్ట్రట్‌ల మీద తేమ తప్ప ధార లేదు. స్ప్రింగులకు అక్కడక్కడ పైతుప్పు ఉంది గాని చుట్టు పలచబడలేదు. వెనక షాకబ్జార్బర్లు పొడిగా ఉన్నాయి. వాటిని ఎందుకు రాశారని అడిగితే, 60,000 దాటిన బండ్లకు సాధారణంగా సూచిస్తామని జవాబు వచ్చింది. చూడకుండానే రాసి, పైగా ప్రమాదమని చెప్పినందుకు నాకు నిజంగా బాధ కలిగింది, ఆ మాటను వారి ఫిర్యాదు పుస్తకంలో రాసి వచ్చాను.

చివరికి లింక్ రాడ్‌లు రెండూ 2,400, ఎడమ లోయర్ ఆర్మ్ 4,600, లేబరు 2,200, అలైన్‌మెంట్ 900, మొత్తం 10,100 అయింది. పాత భాగాలు డిక్కీలో పెట్టించుకుని తెచ్చుకున్నాను. గాజువాక నుంచి ఇంటిదాకా ప్రతి గతుకులోనూ చెవి పెట్టి విన్నాను, ఆ చప్పుడు మళ్లీ రాలేదు. ఒక్క సందేహం మిగిలింది. ఎడమ ఆర్మ్ ఒక్కటే మార్చి, కుడిదాన్ని అలాగే ఉంచి అరకు ఘాట్ ఎక్కవచ్చా?

ఆటోనగర్ పాత మెకానిక్

ఎక్కవచ్చు. లోయర్ ఆర్మ్‌ను స్ట్రట్ లాగా జతగా మార్చాలన్న నియమం లేదు, కుడి బాల్ జాయింట్ గట్టిగా ఉందని మీ కళ్లతో చూశారు కదా. అయితే ఒక పని చేయించుకోండి. కొత్త ఆర్మ్ బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించారా, ర్యాంప్ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేశారా అని అడగండి. వేలాడుతుండగా బిగిస్తే, బండి నేలకు దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, కొద్ది నెలల్లోనే చినుగుతుంది. అలా చేసి ఉంటే, బరువు మీద నిలబెట్టి ఒకసారి వదులు చేసి తిరిగి బిగించమనండి, పది నిమిషాల పని. కుడి బుష్‌ను వచ్చే సర్వీసులో ఇదే విధంగా ప్రై బార్ పెట్టించి, పక్కన నిలబడి చూసుకోండి.