అప్‌డేట్: డౌన్‌లోడ్ నడిస్తే సినిమా ఆగిపోయే సమస్య తీరింది

కావలిలో మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద జెల్లీఫిన్ (అందులో దాచుకున్న సినిమాల్ని ఇంట్లో టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాననీ, టొరెంట్లు దిగుతుంటే హాల్లో టీవీలో సినిమా మాటిమాటికీ ఆగుతోందనీ పోయిన వారం అడిగాను కదా. ఎక్కువమంది నెట్ స్పీడే అన్నారు. నేనూ నమ్మి కొత్త రూటర్ కొనబోయాను. సినిమా ఉన్నది ఇంట్లోనే అయితే బయటి నెట్‌తో దానికేం పని? ఆ మాత్రం తట్టలేదు.

ఐయోస్టాట్ (డిస్క్, ప్రాసెసర్ ఎంత పనిలో ఉన్నాయో చూపే కమాండ్) చూడమన్న అన్నకి థాంక్స్. డౌన్‌లోడ్ మొదలవగానే హార్డ్ డిస్క్ వాడకం 100 శాతానికి చేరింది, ప్రాసెసర్ మాత్రం ఖాళీ. సినిమాలు, డౌన్‌లోడ్లు రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి మరి. టొరెంట్‌లో ఫైలు ముక్కలుగా వస్తుంది, ఆ ముక్కలు వరసగా రావు, ఎక్కడెక్కడో రాయాలి. డిస్క్‌లో చదివీ రాసే హెడ్‌కి అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంటే సినిమా చదివేదెప్పుడు?

పాడైన ల్యాప్‌టాప్‌లోంచి 240 జీబీ ఎస్ఎస్‌డీ (ఇలా పరిగెత్తే హెడ్ లేని డిస్క్) తీసి తగిలించాను. టొరెంట్లు దించే క్యూబిట్‌టొరెంట్‌లో పూర్తికాని ఫైళ్లు అందులో ఉండి, పూర్తయ్యాకే పెద్ద డిస్క్‌కి వెళ్లేలా సెట్ చేశాను. పైసా ఖర్చు లేదు.

నిన్న రాత్రి మూడు డౌన్‌లోడ్లు నడుస్తుండగానే అమ్మ సినిమా మొత్తం చూసింది. ఫైలు పెద్ద డిస్క్‌కి మారేటప్పుడు మాత్రం ఒకసారి తడబడింది. అమ్మ గమనించలేదు, నేనూ చెప్పలేదు.