సమస్యాపూరణం: వలదు వలదటంచు వాఁడు వేఁడె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇది:

వలదు వలదటంచు వాఁడు వేఁడె

“ఇంక వడ్డించకండి” అని అత్తగారిని బతిమాలే అల్లుడు నాకొద్దు, అది మరీ తేలిక. వాడికి ఆ వస్తువు కావాలి, నోట మాత్రం వద్దనే రావాలి. పొరుగు భాష మాట ఒక్కటైనా పడాలి.

నెల్లూరు మిత్రుడు:

చెన్నపట్టణమునఁ జేరి హోటల్లోన
నిడ్లి వలయునంచు నెదుట నిలిచి
వేండుమన్న మాట వేండామనుచుఁ బల్కి
వలదు వలదటంచు వాఁడు వేఁడె

నిర్వాహకుడు: హాయిగా నడిచింది. ‘హోటల్లోన’ వ్యావహారికమే, కానీ ఇడ్లీ పక్కన ఇంకేం పెడతాం? ఉంచేయండి.

హోసూరు టీచరమ్మ: ఒక్క మాట మాస్టారూ. తమిళంలో కావాలంటే ‘వేండుం’, వద్దంటే ‘వేండాం’; అవి రాతలో మాటలు. చెన్నై హోటల్లో వినబడేది ‘వేణుం’, వద్దంటే ‘వేణాం’. తేడా అంతా ణు, ణా దగ్గరే. ణు పొట్టిగా తెంచి, చివరి సున్నను పెదవులు మూయకుండా ముక్కులోంచి వదలాలి. ణు దగ్గర నోరు తెరిచి ణా అన్నారో, ఇడ్లీ పోయినట్టే! ఇదిగో కన్నడంతో నా పూరణ, అక్కడ ‘బేకు’ అంటే కావాలి, ‘బేడ’ అంటే వద్దు:

బెంగుళూరిలోన బేకని యనలేక
వేఁడు పదమె బేడ వేరు గాదె
యనుచుఁ దలఁచి కాఫి యంగడి ముంగిట
వలదు వలదటంచు వాఁడు వేఁడె

నిర్వాహకుడు: భలే పట్టారమ్మా! మన వెన్న అక్కడ బెణ్ణె, వేరు బేరు. అలా చూస్తే మీ వాడి లెక్క తప్పేం కాదు.

టీచరమ్మ: అవునండీ, కన్నడంలో ‘బేడు’ అంటే వేడుకోవడమే. చివర ఉ పోయి అ వచ్చిందా, ‘వద్దు’ అయిపోతుంది. ‘బేకు’లోనూ ఆ ఉకారం ముట్టీ ముట్టనట్టుండాలి. మనవాళ్లు ‘బేకూ’ అని సాగదీస్తారు.

రిటైర్డ్ రైల్వే ఉద్యోగి: నాకు మొదటి పాదమే కుదిరింది. హిందీలో ‘చాహియే’ (కావాలి) అని నీళ్లడిగితే టీ ఇచ్చిన సంగతి, సొంత అనుభవం.

రైలు పెట్టెలోన నీళ్లు చాహియెయన్న

నిర్వాహకుడు: గణాలు సరే, రై–నీ యతి చెడింది. “నీటికొఱకు రైలు నిలువంగ ‘చాహియె’” అని చూడండి. ఇక టీ వచ్చిందంటే తప్పు మీ హకారానిది. ‘చాహియే’లో హి ఊపిరితో పలక్కపోతే మిగిలేది ‘చాయే’. మీ వాడు వద్దన్నది టీని, వేడింది నీళ్లని. ఇవన్నీ మిగతా రెండు పాదాల్లో ఇమడాలి మరి.

రిటైర్డ్ రైల్వే ఉద్యోగి: టెన్షన్ పెట్టకండి గురువుగారూ, టీ తాగుతూ ఆలోచిస్తాను.