స్నెయిల్ ఎంఆర్‌ఎన్‌ఏ మారలేదు, ప్రొటీన్ తగ్గింది: ట్రాన్స్‌లేషనే కారణమా?

ప్రశ్న | బ్లాట్‌బాబు
ఎండీఏ-ఎంబీ-231 (మనిషి రొమ్ము క్యాన్సర్) కణాలకు ఎంఎన్‌కే అనే ఎంజైమ్‌ని ఆపే సీజీపీ57380 ఇస్తే, కణితి కణాలు వేరే చోటికి పాకడానికి తోడ్పడే స్నెయిల్ ప్రొటీన్ బ్యాండ్ వెస్టర్న్ బ్లాట్‌లో పలచబడుతోంది. క్యూపీసీఆర్‌లో దాని ఎంఆర్‌ఎన్‌ఏ మోతాదు కదల్లేదు. ప్యూరోమైసిన్ లేబులింగ్‌లో మొత్తం ప్రొటీన్ తయారీ కూడా తగ్గలేదు. దీన్ని ట్రాన్స్‌లేషన్ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారీ) నియంత్రణ అని రాసేయొచ్చా?

పాలిసోమ్‌పిచ్చి
అప్పుడే రాయకండి. స్నెయిల్ అరగంటలో సగం కరిగిపోయే ప్రొటీన్. జీఎస్‌కే-3బీటా ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తే చాలు, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కి పోతుంది. పైగా సీజీపీ57380 సీకే1 అనే వేరే ఎంజైమ్‌ని కూడా అడ్డుకుంటుంది. ఎంఎన్‌కేని ఆపే మరో మందు టొమివోసెర్టిబ్‌కి మారండి, ఈఐఎఫ్4ఈ (ట్రాన్స్‌లేషన్ మొదలుపెట్టే ప్రొటీన్) మీద ఎంఎన్‌కే పెట్టే సెరీన్-209 ఫాస్ఫేట్ పోయిందో లేదో అదే బ్లాట్‌లో చూపించండి.

తర్వాత సైక్లోహెక్సిమైడ్ చేజ్ (కొత్త ప్రొటీన్ తయారీ ఆపి, ఉన్నది ఎంత వేగంగా తరుగుతుందో చూడటం): మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. 0, 15, 30, 60 నిమిషాలు. ఎంఎన్‌కే మందు ఉన్నా లేకున్నా వాలు ఒకటే అయితే తరుగుదల వేగం మారనట్టే. ప్రోటియాసోమ్‌ని ఆపే ఎంజీ132 (10 మైక్రోమోలార్) పెడితే గంటా రెండు గంటలకు మించొద్దు. ఎక్కువసేపు ఉంచితే ఈఐఎఫ్2ఆల్ఫా అనే మరో ట్రాన్స్‌లేషన్ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ ఎక్కి, ఆ మందే ట్రాన్స్‌లేషన్‌ని దించేస్తుంది.

ప్యూరోమైసిన్ సిగ్నల్ తగ్గకపోవడంలో వింతేం లేదు. సెరీన్-209 ఫాస్ఫేట్ అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలకూ సమానంగా అక్కర్లేదు. స్నెయిల్, ఎంఎంపీ-3 లాంటి కొన్నే దానిమీద ఎక్కువగా ఆధారపడతాయి.

గ్రేడియెంట్‌గారు
అసలు సాక్ష్యం పాలిసోమ్ ప్రొఫైలే (ఏ ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఎన్ని రైబోసోములు ఎక్కాయో బరువును బట్టి వేరుచేసి చూడటం). 15 సెం.మీ. ప్లేట్లు 70–80 శాతం నిండినప్పుడే తీయండి. కిక్కిరిసిపోతే పాలిసోములు వాటంతటవే తగ్గుతాయి. ట్రిప్సిన్‌తో లేపొద్దు. సైక్లోహెక్సిమైడ్ 5 నిమిషాలు, చల్లటి పీబీఎస్‌లోనూ అదే మందు, ప్లేటు మీదే లైసిస్. బఫర్‌లో మెగ్నీషియం 5 మిల్లీమోలార్ ఉండాలి, లేకపోతే రైబోసోములు విడిపోతాయి. 10–50 శాతం సుక్రోజ్, ఎస్‌డబ్ల్యూ41 రోటర్, 36,000 ఆర్‌పీఎం, 4 డిగ్రీలు, 2 గంటలు.

ప్రతి ఫ్రాక్షన్‌లో ఆర్‌ఎన్‌ఏ తీసే ముందే బయటి నుంచి లూసిఫరేస్ ఆర్‌ఎన్‌ఏ సమానంగా కలపండి. చిక్కటి సుక్రోజ్‌లో ఆర్‌ఎన్‌ఏ సరిగా రాదు. ఈ కంట్రోల్ లేకుంటే ఆ నష్టాన్నే ఫలితం అనుకుంటారు. స్నెయిల్ ఎంఆర్‌ఎన్‌ఏ బరువైన ఫ్రాక్షన్ల నుంచి తేలికవాటికి జరగాలి, పోలికకు చూసే యాక్టిన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్నచోటే ఉండాలి. ఒక ట్యూబులో రైబోసోములను విడగొట్టే ఈడీటీఏ పెట్టి చూడండి. అప్పుడూ సిగ్నల్ అడుగునే ఉంటే అది పాలిసోమ్ కాదు.

బ్లాట్‌బాబు
థాంక్సండీ. ఎంటార్ ఎంజైమ్‌ని ఆపే రాపమైసిన్ కూడా ఒక ఆర్మ్‌గా (వేరే గుంపుగా) పెట్టనా?

పాలిసోమ్‌పిచ్చి
దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎంటార్ కింద పనిచేసే ఎస్6కేని బాగా ఆపుతుంది కానీ ఈఐఎఫ్4ఈని పట్టి ఆపే 4ఈ-బీపీ1 మీద ఫాస్ఫేట్లు చాలావరకు మిగిలిపోతాయి. పైగా ఎంఎన్‌కే ద్వారా సెరీన్-209 ఫాస్ఫేట్ పెరగొచ్చు, అంటే మీ ప్రశ్నకి ఎదురు తిరుగుతుంది. ఎంటార్‌ని ఇంకా పూర్తిగా ఆపే టోరిన్1 పెట్టండి.

ఊపిరితిత్తులు
కణాల కదలిక తగ్గినంత మాత్రాన మెటాస్టాసిస్ (క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడం) తగ్గిందని రాయకండి. కణాలను ఎలుక తోకసిరలోకి ఎక్కిస్తే కణితి నుంచి బయటపడే దశే దాటిపోతుంది. స్నెయిల్ పని ఎక్కువగా అక్కడే. రొమ్ము కొవ్వుపొరలో పెట్టి, ప్రాథమిక కణితి బరువు సరిపోల్చాకే ఊపిరితిత్తుల్లో గడ్డలు లెక్కించండి.

ఇంకో మెలిక ఉంది. ఈఐఎఫ్4ఈలో సెరీన్-209ని అలనిన్‌గా (ఎస్209ఏ) మార్చిన ఎలుకల్లో మామూలు కణితి కణాలు పెట్టినా ఊపిరితిత్తులకు పాకడం తగ్గింది. వాటి న్యూట్రోఫిల్స్‌లో (ఒక రకం తెల్ల రక్తకణాలు) కణాన్ని బతికించే ప్రొటీన్లు బీసీఎల్2, ఎంసీఎల్1 తగ్గి, అవి త్వరగా చనిపోతాయి. మందు ఎలుక మొత్తానికీ ఇస్తున్నారు కాబట్టి ఫలితం కణితిదా, న్యూట్రోఫిల్స్‌దా తేలదు. కణితి కణాల్లో సొంత ఈఐఎఫ్4ఈని తగ్గించి, ఎస్209ఏ రూపాన్ని అదే మోతాదులో పెట్టి, మందు లేకుండా ఒక గుంపు నడపండి. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న బాల్బ్/సీ ఎలుకలు కావాలంటే మనిషి కణాలైన 231 కుదరదు, ఎలుక రొమ్ము క్యాన్సర్ కణాలు 66సీఎల్4 తీసుకోండి.